ఐదు టిక్కెట్ల సందు

డబ్బాలో వచ్చిన కాగితం మీద
నాలుగో నంబరు వేసి రింగు బొమ్మ ఉంది.
డబ్బాలో రింగు లేదు.

అట్టపెట్టె చింపాం. కింద పరిచిన గోనెపట్టా
రెండుసార్లు దులిపాం.
నట్టొకటి రాలింది, ఎవరిదో, ఎప్పటిదో.
చెంచురామయ్య దాన్ని జేబులో వేసుకున్నాడు
ఇవాళ్టికి ఇదే లాభం అన్నట్టు.

నెల్లూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న గేర్ సైకిలు.
పాత క్రాంకు పళ్ళు అరిగిపోయి
సీతారామపురం ఘాట్ మొదట్లోనే
గొలుసు జారేది, నా పరువుతో సహా.

"మా కాలంలో కాటర్ పిన్ను, అబ్బయా.
అది లేకపోతే మేకు. మేకూ లేకపోతే సుత్తి.
ఇప్పుడేంది, సందుకో రింగు, రింగుకో నంబరు!"
గొణుగుతూనే గ్రీజు రాశాడు,
ఇరుసు దూర్చాడు, ఎడం క్రాంకు బిగించాడు.
పట్టుకుని ఊపితే

టక్.

మళ్ళీ ఊపాం.
అన్నంలో రాయి తగిలినట్టు,
టక్.

"ఇట్టాగే తొక్కితే ఏమవుద్ది?"
"నాలుగు రోజులు ఏం కాదు. ఐదోరోజు బేరింగు పోద్ది.
చప్పుడు చేసేదాన్ని నమ్మొచ్చబ్బయా.
చప్పుడు దానంతటది ఆగిందనుకో, అప్పుడు దిగి చూడు."

నేను కరెంటు మీటర్లు చదివేవాణ్ణి.
ఉదయగిరిలో ఏ ఇంట్లో ఎన్ని యూనిట్లు కాలాయో
చుక్క తర్వాత అంకెతో సహా చెప్తాను.
ఈ సందు మాత్రం చదవలేకపోయాను.
ఆయన దగ్గరున్నది ఇంచీల బద్ద.
నా జేబులో ఆత్మకూరు బస్సు టిక్కెట్లు.
ఒక్కోటి మూడు మడతలు పెట్టి దూరుస్తూ పోయాం.
ఐదో టిక్కెట్టుకి ఊగడం ఆగింది.

ఆ టిక్కెట్ల కట్టా, భుజాన క్రాంకూ వేసుకుని
చెక్క గరిటెలు చేసే రమీజా దగ్గరికి పోయా.
నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.
కట్టను గోటికీ బొటనవేలికీ మధ్య నొక్కి
కాసేపు అట్టే పట్టుకుంది.
"గరిటె కాడ గింజంత లావైతే ఎవరూ అడగరు.
ఇది అట్టా కాదు కదా," అంది.

కలివి చెక్క. చిన్న ఆకురాయి.
రుద్దడం, ఇరుసుకి తొడగడం, తీయడం,
ఊదడం, మళ్ళీ రుద్దడం.
మధ్యలో కూరలో ఉప్పేసి వచ్చింది.
పొద్దుగూకేసరికి రింగు.
కూలి ఎంతంటే రెండు గరిటెల డబ్బులు తీసుకుంది.

టక్ పోయింది. కిర్రు వచ్చింది.
చెంచురామయ్య చెవి ఆనించి విన్నాడు.
"ఊరు దాటొద్దు. ఘాట్ మాట ఎత్తొద్దు."

పదకొండు రోజులు ఊళ్ళోనే తిరిగా.
మంగళవారం వాన పడితే చెక్క ఉబ్బి
పెడలు బిగుసుకుంది.
గురువారం ఎండకి వదులైంది.
పక్కింటోళ్ళు రేడియోలో వినేది
నా కాళ్ళకి ముందే తెలిసేది.

పన్నెండోనాడు నెల్లూరు బస్సులో పార్సిల్ దిగింది.
నల్లటి ప్లాస్టిక్ రింగు. బరువు లేదు, వాసన లేదు.
కాగితం మీద బొమ్మలాగే ఉంది.
టక్ లేదు. కిర్రు లేదు.
సైకిలు కింద ఉందో లేదో అని
రెండుసార్లు వంగి చూసుకున్నా.

గ్రీజు పీల్చి నల్లబడిన చెక్క రింగు
రమీజాకి చూపించా. ఎందుకో తెలీదు.
ఆమె దాన్ని వెలుతురుకి పట్టి తిప్పింది.
"ఈ పక్కే ఎక్కువ అరిగింది చూడు.
నువ్వు బరువంతా ఎడం కాలి మీదే వేస్తుండావ్."

ముప్పై నాలుగేళ్ళు నడిచిన కాళ్ళు,
నాకెవరూ చెప్పలేదు.

ఆదివారం తెల్లారుజామున ఘాట్ ఎక్కా.
మూడో మలుపు దగ్గర ఊపిరి చాల్లేదు.
గొలుసు జారలేదు.
కుడికాలితో అన్నా,
నువ్వు కూడా రా అబ్బయా, ఇక.